కీళ్లవాతానికి కీళ్ల స్కానింగ్: ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

మనవైపు మోకాలు అరిగినా వాతమే, యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలు వాచినా వాతమే. పక్కింటి ఒడియావారు అన్నిటినీ గంఠిబాత అంటారు. ఈ పేజీలో కీళ్లవాతం అన్నచోటల్లా రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఒక్క జబ్బునే ఉద్దేశించాం. శరీర రక్షణ వ్యవస్థ పొరబడి కీళ్ల లోపలి పొర మీద దాడిచేసే జబ్బు అది. పొద్దున లేవగానే అరగంట, గంట, అంతకంటే ఎక్కువసేపు చేతులు బిగుసుకుపోవడం, రెండు చేతుల కణుపులూ జంటగా వాయడం దాని ముఖ్య లక్షణాలు.

కడుపు స్కానింగ్ తెలుసు. కీళ్లకు కూడా అదే స్కానింగా? అందులో ఏం కనిపిస్తుంది?

యంత్రం అదే జాతి, ఒంటిమీద ఆనించే ప్రోబ్ మాత్రం వేరు. చెవికి వినపడని శబ్ద తరంగాలు లోపలికి వెళ్లి, తగిలినచోటి నుంచి వెనక్కి వస్తాయి. వాటితో తెరమీద నలుపు తెలుపుల్లో బొమ్మ ఏర్పడుతుంది. ఎముక పైఅంచు తెల్లటి గీతలా, నీరు నల్లగా, నరాలూ స్నాయువులూ పోగులు పేర్చినట్టూ కనిపిస్తాయి.

ఆరోగ్యంగా ఉన్న కీలులో లోపలి పొర ఎంత పలచగా ఉంటుందంటే, స్కానింగ్‌లో దాదాపు తెలియదు. కీళ్లవాతంలో ఆ పొర దళసరెక్కి, ఎముకల మధ్య నుంచి ఉబ్బి పైకి వస్తుంది, తెరమీద నల్లగా కనిపిస్తుంది. దీన్నే రిపోర్టులో సైనోవైటిస్ అంటారు. కీలులో నీరు చేరినా నల్లగానే ఉంటుంది కాబట్టి రెంటినీ విడదీసి చూడాలి. ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే నీరు పక్కకు జరుగుతుంది, దళసరెక్కిన పొర జరగదు. నీటిలో రక్తప్రవాహం ఉండదు, మంటెక్కిన పొరలో ఉంటుంది.

తెరమీద ఎర్రగా, నారింజ రంగులో చుక్కలు మెరిశాయి. అదేమైనా ప్రమాదమా?

అది పవర్ డాప్లర్. కదిలే రక్తకణాలు ఎక్కడున్నాయో రంగు వేసి చూపే పద్ధతి. వాపు చురుగ్గా ఉన్న కీలు పొరలో కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, వాటిలో పారే రక్తమే ఆ చుక్కలు. నలుపు తెలుపు బొమ్మ పొర ఎంత మందమెక్కిందో చెబుతుంది, రంగేమో ఇవాళ అక్కడ మంట రగులుతోందా అన్నది చెబుతుంది. ఏళ్లనాటి కీళ్లవాతంలో పొర మందంగానే మిగిలిపోయినా, మందులు పనిచేస్తుంటే రంగు తగ్గిపోవచ్చు. అందుకే రోగం ఎలా నడుస్తోందో చూసేటప్పుడు రంగుకే ఎక్కువ విలువ.

రెండింటికీ 0 నుంచి 3 వరకు గ్రేడ్ ఇస్తారు. డాప్లర్‌లో రంగు అసలు లేకపోతే 0. విడివిడిగా మూడు చుక్కల వరకు ఉంటే, లేదా కలిసిపోయిన మచ్చలు ఒకటి రెండుకు మించకపోతే 1. అంతకంటే ఎక్కువగా ఉండి, దళసరెక్కిన పొరలో సగానికి లోపు నిండితే 2. సగానికి మించితే 3. చుక్క ఎక్కడుందన్నది కూడా ముఖ్యం. కీలు పొర లోపలి రంగే లెక్క. పక్కనుంచి వెళ్లే మామూలు రక్తనాళాన్ని చూసి గ్రేడ్ వేస్తే అది తప్పు రిపోర్టు.

డాక్టరు చేత్తో నొక్కి చూస్తున్నారు, ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు రాస్తున్నారు. మళ్లీ స్కానింగ్ ఎందుకు?

చాలాసార్లు అక్కర్లేదు. వాపు కంటికి కనిపిస్తూ, చేతికి తగులుతూ, సీఆర్పీ కూడా పెరిగి ఉంటే, జబ్బు చురుగ్గా ఉందని చెప్పడానికి స్కానింగ్ కొత్తగా ఇచ్చేదేమీ లేదు. చెయ్యీ రక్తపరీక్షా రెండూ తేల్చలేని చోట్ల అది అక్కరకొస్తుంది.

మన జిల్లాల్లో అలాంటి చోట్లు తక్కువేం కాదు. ఈఎస్ఆర్ రక్తహీనత ఉంటే పెరుగుతుంది, ఏ ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, వయసుతోనూ పెరుగుతుంది. మలేరియా వచ్చి తగ్గిన మనిషికి, ఒంట్లో రక్తం తక్కువున్న ఆడమనిషికి ఈఎస్ఆర్ 60 వచ్చిందంటే అది కీళ్లదే అని ఎలా చెప్పగలం? సికిల్ సెల్ జబ్బు ఉన్నవారిలో ఇది తిరగబడుతుంది: ఈఎస్ఆర్ పెరగాల్సినంత పెరగదు, పైగా ఆ జబ్బే ఎముకల నొప్పులూ కీళ్ల నొప్పులూ తెస్తుంది. 28 కీళ్లు చూసి జబ్బు ఎంత చురుగ్గా ఉందో చెప్పే డీఏఎస్ 28 అనే స్కోరులో ఈ ఈఎస్ఆరో, సీఆర్పీయో ఒక భాగం. అంకె పెరిగిందని మందు పెంచేముందు కీలు లోపల నిజంగా మంట ఉందో లేదో చూడటం న్యాయం.

రెండో సందర్భం ఒళ్లంతా నొప్పులున్నవారు. ఫైబ్రోమయాల్జియా తోడైతే ఎక్కడ నొక్కినా నొప్పే, స్కోరు ఆకాశానికి పోతుంది, కీలులో మాత్రం రంగు ఉండదు. మూడోది ఒళ్లు బాగా ఉన్నవారి మణికట్టు, చీలమండలు. చేతికి వాపు సరిగా అందదు. నాలుగోది పాదాలు. డీఏఎస్ 28 లెక్కలో భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతి కణుపులు, మోకాళ్లు ఉంటాయి గానీ పాదాలూ చీలమండలూ లేవు. చెప్పుల్లేకుండా నేలమీద, గట్లమీద తిరిగేవారికి ముందు బాధ మొదలయ్యేది అక్కడే కావచ్చు.

అయితే ప్రతిసారీ స్కానింగ్ చేయించుకుంటే మంచిదేగా?

అలా అనుకునే పెద్ద ప్రయోగాలు చేసి చూశారు. నార్వేలో జరిగి 2016లో వెలువడిన ఆర్కిటిక్ అనే ప్రయోగంలో, కొత్తగా జబ్బు మొదలైనవారిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ప్రతి విజిట్‌లో స్కానింగ్ చేసి, రంగు పూర్తిగా పోయేదాకా మందులు పెంచారు. రెండో జట్టుకు చేత్తో చూసి, రక్తపరీక్షలతోనే నడిపారు. రెండేళ్ల తర్వాత ఆశించిన ఫలితం అందుకున్నవారు మొదటి జట్టులో 22 శాతం, రెండోదాంట్లో 19 శాతం. లెక్కకొచ్చే తేడా కాదది. మొదటి జట్టు మందులు మాత్రం ఎక్కువ వాడింది.

కాబట్టి నెలనెలా స్కానింగ్‌కు డబ్బు తగలేయొద్దు. ఆ డబ్బుతో మందులు తప్పకుండా వాడండి, మూడు నెలలకోసారి డాక్టరును కలవండి, రక్తపరీక్షలు మానకండి. జబ్బు తేల్చేటప్పుడు అనుమానం ఉంటే ఒకసారి, మందు మార్చాలా వద్దా అన్న సందిగ్ధంలో ఒకసారి, బాగా తగ్గి మందు తగ్గించాలనుకున్నప్పుడు ఒకసారి చేయిస్తే సరిపోతుంది. కొత్త మందు మొదలెట్టిన మూడోవారంలో చేయించడం దండగ. మెథోట్రెక్సేట్ వంటివి పనిచేయడానికే 6 నుంచి 12 వారాలు పడుతుంది.

ఏయే కీళ్లు చూడాలి? మోకాలు నొప్పంటే మోకాలొక్కటే చూస్తే చాలదా?

ఆ మోకాలు ఎందుకు వాచిందన్నదే ప్రశ్న అయితే చాలు. జబ్బు మొత్తంగా ఎలా ఉందో కావాలంటే చిన్న కీళ్లు చూడాలి. 2009లో జర్మన్ వైద్యులు ప్రతిపాదించిన ఏడు కీళ్ల పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. ఎక్కువ బాధ ఉన్న వైపు మణికట్టు. చూపుడు వేలు, మధ్యవేలు అరచేతిలో కలిసే కణుపులు, అంటే పిడికిలి బిగిస్తే పైకి లేచేవి. అవే రెండు వేళ్ల మధ్య కణుపులు. పాదంలో రెండో వేలు, చిటికెన వేలు మొదళ్లు. అనుభవమున్న చేతికి ఇది 10 నుంచి 20 నిమిషాల పని. రెండు చేతులూ రెండు పాదాలూ పూర్తిగా చూడాలంటే అరగంట పైనే.

గోరు దగ్గరి కణుపుల్లో గట్టి బొడిపెలు ఉంటే అవి చాలావరకు అరుగుదల వల్లే. కీళ్లవాతం సాధారణంగా ఆ కణుపుల జోలికి పోదు.

పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో ఉన్న స్కానింగ్ సెంటర్‌లో చేయించవచ్చా? బరంపురం, విశాఖ వెళ్లాల్సిందేనా?

సెంటర్ ఊరినిబట్టి తేల్చకండి, నాలుగు మాటలు అడిగి తేల్చండి. బస్సెక్కేముందు ఫోన్ చేసి అడగొచ్చు.

మొదటిది, లీనియర్ ప్రోబ్ (అంచు తిన్నగా ఉండేది) ఉందా, ఎన్ని మెగాహెర్ట్జ్ అని. కడుపుకు వాడే వంపు ప్రోబ్ 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ లోపు ఉంటుంది. అది లోతుకు పోతుంది గానీ, చర్మం కింద అర సెంటీమీటరు లోతులో ఉన్న వేలి కణుపు దానికి అలికినట్టు కనిపిస్తుంది. వేళ్లకు 12 పైన, వీలైతే 15 నుంచి 18 వరకు వెళ్లే ప్రోబ్ కావాలి. హాకీ కర్రలా వంగిన చిన్న ప్రోబ్ ఉంటే ఇంకా మంచిది. మోకాలికి, భుజానికి 7 నుంచి 12 చాలు. థైరాయిడ్, రొమ్ము స్కానింగ్‌లు చేసే సెంటర్లలో లీనియర్ ప్రోబ్ ఎలాగూ ఉంటుంది.

రెండోది, పవర్ డాప్లర్ ఉందా అని. మూడోది, కీళ్లవాతం కేసుల్లో చేతి కణుపులు చూసే అలవాటు ఆ డాక్టరుకు ఉందా అని. ఇది అడగడానికి మొహమాటపడతారు గానీ, అసలు ప్రశ్న ఇదే. యంత్రం ఎంత ఖరీదైనదైనా చూసే కన్ను అలవాటుపడి ఉండాలి. నాలుగోది, రిపోర్టులో ఒక్కో కీలుకు విడిగా గ్రేడ్ రాస్తారా అని. ‘చేతి కీళ్లలో స్వల్ప వాపు’ అని ఒక్క లైను రాసిస్తే ఆర్నెల్ల తర్వాత దేనితో పోల్చాలి?

ఈ నాలుగూ ఉంటే పర్లాకిమిడైనా సరే. లేకపోతే గజపతి, గంజాం వారికి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. మన పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టుకున్న ఆసుపత్రే అది. పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళ్లేవారు, రాయగడ నుంచి రైల్లో విజయనగరం, విశాఖ వెళ్లేవారు ఎలాగూ ఉన్నారు. ఎక్కడైనా పై నాలుగు ప్రశ్నలూ అడగండి.

డాక్టరు చీటీలో కూడా వివరం ఉండాలి. ‘చేతి స్కానింగ్’ అని మాత్రమే ఉంటే చేసేవారికి ఏం వెతకాలో తెలియదు. ఏ కీళ్లు, గ్రే స్కేల్ (నలుపు తెలుపు బొమ్మ), పవర్ డాప్లర్ గ్రేడులు, ఇరోజన్లు (ఎముక అంచు కొరుక్కుపోవడం), స్నాయువు తొడుగుల వాపు చూడమని రాయించుకోండి. జబ్బు పేరు, వాడుతున్న మందులు కూడా ఉండాలి.

కీళ్ల డాక్టరు గదిలోనే స్కానింగ్ యంత్రం ఎందుకు పెట్టుకోరు?

1994లో వచ్చిన లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ నమోదు చేయించాలి. వాడేవారికి అర్హత, పెట్టిన చోటుకు అనుమతి కావాలి. కీళ్లు చూసే యంత్రానికీ మినహాయింపు లేదు. అందుకే కీళ్ల స్కానింగ్‌కు వెళ్లినా గోడమీద ‘ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు’ అన్న బోర్డు కనిపిస్తుంది. యంత్రాన్ని ఇంటికి తెప్పించి చేయించుకుంటామంటే కూడా కుదరదు.

ముందు రోజు నుంచి ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా? పరగడుపున రావాలా?

పరగడుపు అక్కర్లేదు, నీళ్లు తాగి మూత్రం పట్టి ఉంచక్కర్లేదు. మిగతావే ముఖ్యం.

నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటివి వేసుకుని వస్తే రంగు, పొర మందం రెండూ ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు. మీకు మీరుగా ఆపేయకండి. ఎన్ని రోజుల ముందు ఆపాలో, అసలు ఆపాలో వద్దో రాసిన డాక్టరునే అడగండి. ఆపలేకపోతే, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో స్కానింగ్ డాక్టరుకు చెప్పండి.

స్టెరాయిడ్ సూదులు. ఇది దాచకుండా చెప్పాల్సిన సంగతి. నొప్పి ఓర్వలేక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ‘వాతం సూది’ వేయించుకున్నా, సంతలో కొన్న పొడి వాడినా, అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. దానివల్ల కొన్నాళ్లు రంగు పోతుంది. అది చూసి జబ్బు అదుపులో ఉందని రాస్తారు, అసలు మందు పెరగాల్సినవాళ్లకు పెరగదు. మిమ్మల్ని ఎవరూ తిట్టరు, చెప్పండి.

వేడి, చల్లదనం. ఐసు పెట్టి వస్తే రక్తనాళాలు ముడుచుకుని రంగు తగ్గుతుంది, వేడి కాపడం పెడితే పెరుగుతుంది. ఆ రోజు రెండూ వద్దు. ఏసీ గదిలో చేతులు చల్లబడి ఉంటే పదిహేను నిమిషాలు మామూలు గదిలో కూర్చున్నాక చేయించుకోండి. చలికాలంలో పొద్దున్నే మోటారు సైకిల్‌మీద వచ్చేవారికి ఇది మరీ ముఖ్యం.

పని. జీడిపిక్కలు కొట్టే చేతులు, నాట్లేసే చేతులు, పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు చెక్కే చేతులు రోజంతా కణుపుల మీదే ఆధారపడతాయి. పని ముగించుకుని అలాగే వస్తే ఒకలా, సెలవునాడు వస్తే మరోలా కనిపించవచ్చు. ప్రతిసారీ దాదాపు ఒకే వేళకు, ఒకేలాంటి రోజున రావడం మంచిది.

ఉంగరాలు తీసేయండి. గాజులు మోచేతివైపు జరిగితే చాలు, మణికట్టుకు బిగిసినవైతే తీయాలి. మెట్టెలు తీయాల్సిన పనిలేదు, చూసేది వేలి మొదలు కాబట్టి కాస్త చివరకు జరిపితే సరిపోతుంది. గోరింటాకు అడ్డు కాదు. నూనె, పసుపు పట్టు, బామ్ మాత్రం కడుక్కుని రండి.

స్కానింగ్ ఎలా చేస్తారు? నొప్పి పుడుతుందా?

పుట్టకూడదు. నొప్పి పుట్టేంతగా నొక్కుతున్నారంటే చేసే తీరులోనే తప్పుంది. చిన్న కీళ్లలో రక్తనాళాలు ఎంత సన్నవంటే, ప్రోబ్ బరువు ఆనినా నొక్కుకుపోయి రంగు మాయమవుతుంది. అందుకే జెల్లీ దండిగా వేసి, ప్రోబ్‌ను దాని మీద తేలుతున్నట్టు పట్టుకోవాలి. చర్మానికీ ప్రోబ్‌కీ మధ్య పలచటి జెల్లీ పొర తెరమీద కనిపిస్తూ ఉండాలి. రిపోర్టు తప్పుగా రావడానికి తరచుగా కారణమయ్యేది ఈ నొక్కుడే.

చేతిని బల్లమీద, దిండుమీద బోర్లా పెట్టించి, వేళ్లు వదులుగా ఉంచమంటారు. వేళ్లు బిగబట్టినా, బాగా వంచినా కీలు లోపల ఒత్తిడి పెరిగి రక్తం పారడం తగ్గుతుంది. ముందు నలుపు తెలుపులో ఒక్కో కీలును పొడుగునా, అడ్డంగా చూస్తారు. తర్వాత అక్కడే డాప్లర్ వేస్తారు. ఆ సమయంలో కదలకండి, మాట్లాడకండి. చెయ్యి వణికితే తెరంతా రంగు మెరుపులు వస్తాయి, అవి రక్తం కాదు.

చేసేవారికి యంత్రం అమరిక గురించి రెండు మాటలు. కీలు పొరలో రక్తం నెమ్మదిగా పారుతుంది, కాబట్టి పీఆర్‌ఎఫ్ (సెకనుకు ఎన్నిసార్లు శబ్దం పంపాలన్న అమరిక) తక్కువగా, 500 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య ఉండాలి. వాల్ ఫిల్టర్ అతి తక్కువగా ఉండాలి. కాళ్ల రక్తనాళాలు చూసిన అమరికతోనే వేళ్లు చూస్తే గ్రేడ్ 3 కీలు కూడా 0 గా రావచ్చు. డాప్లర్ గెయిన్‌ను ఎముక కింద కూడా రంగు చిలికేదాకా పెంచి, ఆ చిలకరింపు పోయేదాకా తగ్గించి ఆపాలి. రంగు పెట్టెను చర్మం దాకా తెరిచి ఉంచితే, పైనున్న రక్తనాళపు నీడను కీలు రంగని పొరబడకుండా ఉంటారు. కొన్ని యంత్రాల్లో పవర్ డాప్లర్ కన్నా కలర్ డాప్లరే సన్నటి ప్రవాహాన్ని బాగా పడుతుంది. మీ యంత్రం ఏ రకమో పరీక్షించి చూసుకుని, తర్వాత ఎప్పుడూ అదే వాడండి.

బరంపురంలో గ్రేడ్ 2 అన్నారు, నెల తిరక్కుండా విశాఖలో 1 అన్నారు. ఎవరు తప్పు?

ఇద్దరూ సరే కావచ్చు. యంత్రం మారింది, ప్రోబ్ మారింది, చేసిన చెయ్యి మారింది, మధ్యలో మీరు వేసుకున్న నొప్పి మాత్ర ఉంది. ఒక గ్రేడ్ తేడాను, అందులోనూ ఒక్క కీలులో వచ్చినదాన్ని, జబ్బు తగ్గిందనో పెరిగిందనో తీసుకోకూడదు. నాలుగైదు కీళ్లు కలిసి ఒకేవైపు మారితే అప్పుడు అర్థం ఉంది. పోల్చి చూడటమే పని అయితే ఒకే సెంటర్, ఒకే యంత్రం, వీలైతే ఒకే డాక్టరు. ఊరు మారక తప్పకపోతే పాత బొమ్మలు వెంట తీసుకెళ్లండి.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ముఖ్యమైన మాటలకు అర్థం చెప్పండి.

సైనోవియల్ హైపర్‌ట్రఫీ అంటే పొర దళసరెక్కడం. ఎఫ్యూజన్ అంటే కీలులో నీరు. టీనోసైనోవైటిస్ అంటే స్నాయువు చుట్టూ ఉండే తొడుగు వాయడం. చిటికెన వేలివైపు మణికట్టులోను, వేళ్లు ముడిచే స్నాయువుల్లోను తరచుగా వస్తుంది, వేలు వంచలేకపోవడానికి కణుపు కన్నా ఇదే కారణం కావచ్చు. ఇరోజన్ అంటే ఎముక అంచు కొరుక్కుపోవడం. బేకర్స్ సిస్ట్ అంటే మోకాలి వెనక నీటి తిత్తి. అది పగిలితే పిక్క ఒక్కసారిగా వాచి, రక్తం గడ్డకట్టినట్టే అనిపిస్తుంది. రెండూ స్కానింగ్‌లో విడదీయాల్సినవే, ఆలస్యం చేయకండి.

నలుపు తెలుపులో గ్రేడ్ 1 అని, డాప్లర్ 0 అని ఉంటే బెంబేలు పడకండి. ఏ జబ్బూ లేనివారి పాదాల్లో, మణికట్లలో కూడా కొద్దిపాటి నీరు, కొద్దిపాటి మందం కనిపిస్తాయి.

ఎముక కొరుక్కుపోయిందని రాశారు. ఎక్స్‌రేలో మాత్రం ఏమీ లేదు. ఏది నమ్మాలి?

తొలిదశలో ఎక్స్‌రే కన్నా స్కానింగే ఎక్కువ ఇరోజన్లను పట్టుకుంటుంది. కాబట్టి ఎక్స్‌రే బాగుందని స్కానింగ్‌ను కొట్టిపారేయొద్దు. అయితే ఆ గాటు పొడుగునా, అడ్డంగా రెండు కోణాల్లోనూ కనిపించిందా అన్నది చూడాలి. కణుపు ఎముక వెనకవైపు అందరికీ ఉండే పల్లాన్ని ఇరోజన్ అనుకోవడం కొత్తవారు చేసే పొరపాటు. చూపుడు వేలి మొదలు బయటివైపు, చిటికెన కాలివేలి మొదలు బయటివైపు నిజమైన గాటు ఉంటే అది కీళ్లవాతానికి బలమైన సాక్ష్యం.

శబ్దం ఎముకను దాటిపోదు. ఎముక లోపలి వాపు ఎంఆర్‌ఐలోనే తెలుస్తుంది. మెడ కీళ్లకు స్కానింగ్ పనికిరాదు. ఏళ్లతరబడి జబ్బున్నవారికి మెడ నొప్పి, చేతులు కాళ్ల తిమ్మిరి ఉంటే మెడ ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్‌ఐ చేయించాలి. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేముందు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

చికున్‌గున్యా వచ్చి పోయాక కణుపులు వాచాయి. ఇది కీళ్లవాతమో కాదో స్కానింగ్ తేలుస్తుందా?

తేల్చదు. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి సాగే వాపులోనూ పొర మందం, రంగు, స్నాయువు తొడుగుల వాపు ఉంటాయి. బొమ్మ చూసి ఇది ఫలానాది అనలేం. వాపు నిజంగా ఉందా, నొప్పి మాత్రమేనా అన్నది స్కానింగ్ చెబుతుంది. జబ్బు ఏదన్నది జ్వరం వచ్చిన తేదీ, చికున్‌గున్యా పరీక్ష, కీళ్లవాతానికి చేసే యాంటీ సీసీపీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్షలు, కాలక్రమంలో వాపు నడిచిన తీరు కలిపి చూసి తేల్చాలి. యూరిక్ యాసిడ్ వాతానికి మాత్రం స్కానింగ్ బాగా పనికొస్తుంది. మృదులాస్థి పైన యూరిక్ యాసిడ్ ఉప్పు పేరుకుని, ఎముక గీతకు సమాంతరంగా రెండో తెల్ల గీత కనిపిస్తుంది.

గర్భిణిగా ఉన్నాను. పిల్లలకు పాలిస్తున్నాను. చేయించుకోవచ్చా?

నిశ్చింతగా. ఇందులో రేడియేషన్ లేదు. మందుల విషయం వేరు: మెథోట్రెక్సేట్, లెఫ్లూనోమైడ్ గర్భంలో వాడకూడదు. గర్భం అనుకుంటున్నప్పుడే, నెలలు ముందుగా డాక్టరుకు చెప్పాలి.

ఒక్క మోకాలే వాచి, వేడెక్కి, జ్వరం వస్తోంది. స్కానింగ్ చేయించాక డాక్టరు దగ్గరికి వెళ్తే చాలా?

లేదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కీళ్లవాతం ఉన్నవారికి, అందులోనూ స్టెరాయిడ్ వాడేవారికి, కీలులో చీము పట్టే ప్రమాదం ఎక్కువ. నీరుందని స్కానింగ్ చూపుతుంది, సూది ఎక్కడ గుచ్చాలో దారి చూపుతుంది. ఆ నీరు చీమా కాదా అన్నది మాత్రం తీసి ల్యాబుకు పంపితేనే తెలుస్తుంది.

నొప్పులు లేవు, పని చేసుకుంటున్నాను. స్కానింగ్‌లో రంగు ఉందంటున్నారు. ఎందుకిలా?

పైకి అంతా సద్దుమణిగినట్టున్నా లోపల నివురు మిగలొచ్చు. అలాంటి కీళ్లలో ఎముక దెబ్బతినడం కొనసాగవచ్చని, మందు తగ్గిస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని పరిశోధనలు చూపాయి. అందుకని ఒక చుక్క కనిపించగానే మందు పెంచాలనీ కాదు. ఆర్కిటిక్ ప్రయోగం నేర్పింది అదే. డాక్టరు సాధారణంగా చేసేది మందు తగ్గించే ఆలోచన వాయిదా వేసి, మూడు నాలుగు నెలల తర్వాత మళ్లీ చూడటం.

రంగు పూర్తిగా పోయింది. ఇక మందు మానేయొచ్చా?

మానకండి. మందు పనిచేస్తోంది కాబట్టే పోయింది. తగ్గించడం కూడా నెలల తరబడి నిలకడగా బాగున్నాకే, ముందు స్టెరాయిడ్, తర్వాత మిగతావి, డాక్టరు చేతుల మీదుగా మెల్లగా జరగాలి. మెథోట్రెక్సేట్ వాడేవారు ఒక్కటి మరవకండి: అది వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజున వేసుకోవాలో చీటీ మీద తెలుగులో రాసి గోడకు అంటించండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. ఒడియాలో చెప్పింది సరిగా అర్థం కాకపోతే మందుల కౌంటర్ దగ్గర రెండోసారి అడగడానికి సిగ్గుపడకండి.

స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. నాకు మాత్రం నొప్పి తగ్గలేదు. నటిస్తున్నానని ఇంట్లో అనుకుంటున్నారు.

మీరు నటించడం లేదు. వాపు ఒక్కటే నొప్పికి కారణం కాదు. పాత వాపు వల్ల అరిగిన కీలు నొప్పి పెడుతుంది, మణికట్టులో నరం నొక్కుకుంటే వేళ్లు తిమ్మిరెక్కి రాత్రిళ్లు నిద్ర ఉండదు, ఫైబ్రోమయాల్జియాలో ఒళ్లంతా పట్టేస్తుంది, నిద్రలేమి ఉన్న నొప్పిని రెట్టింపు చేస్తుంది. రంగు లేదన్న రిపోర్టు మేలే చేస్తుంది: ఇంకో వాతం మందు చేర్చి కాలేయాన్ని బాధపెట్టే బదులు, అసలు కారణానికి వైద్యం మొదలవుతుంది. రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లి, ‘వాపు లేకపోతే ఈ నొప్పి దేనివల్ల?’ అని అడగండి. ఇంట్లోవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.

బొమ్మలు, రిపోర్టులు ఎలా దాచాలి?

వేడికి, తడికి కొన్ని స్కానింగ్ కాగితాల మీది బొమ్మ చెరిగిపోతుంది. ఇంటికి రాగానే ప్రతిదాన్నీ తేదీ కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపండి. వీలైతే సెంటర్‌లో అసలు బొమ్మల్ని సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడగండి. కాగితం మీద రంగు గ్రేడు సరిగా తెలియదు. ఒక నోటుపుస్తకంలో తేదీ, సెంటర్, ప్రోబ్ మెగాహెర్ట్జ్, ఆ వారం వాడిన మందులు, చివరి నొప్పి మాత్ర వేసుకున్న రోజు, పొద్దున ఎన్ని నిమిషాలు చేతులు బిగుసుకున్నాయో రాయండి. ఇవాళ ఒడియా డాక్టరు దగ్గర, రేపు ఆంధ్రా డాక్టరు దగ్గర చూపించుకునే మన సరిహద్దు మనుషులకు ఇద్దరి మధ్య మాట కలిపేది ఆ పుస్తకమే.